రపోలాస్ సంతకం పెట్టిన సైతాను

కౌనస్ పట్టణంలోని మా అచ్చాఫీసులో టెక్లే షిమ్‌కూటే చెక్కిన బొమ్మల చెక్కదిమ్మలన్నీ నా చేతి మీదుగానే అచ్చయ్యాయి. అమ్మమ్మ పెళ్లిపెట్టె మీది పువ్వుల్ని చూసి ఉలి పట్టిన మనిషి. మాట తక్కువ.

జానపద కథల పుస్తకానికి పన్నెండు దిమ్మలు చెక్కింది. పుస్తకం వచ్చాక చూస్తే, బొమ్మలు వేసింది రపోలాస్ గుడైటిస్ అని ఉంది. ఆయన ప్రచురణ సంస్థలో బొమ్మల విభాగానికి పెద్ద.

"నీ పేరు మింగేశాడు. అడగవేం?" అన్నాను.

"అడిగితే ఇస్తాడా? ఆయన నోటితోనే కక్కిస్తాను, బలీస్ మామా."

మూడేళ్లు ఆగింది. తర్వాత పిల్లల పాటల పుస్తకానికి బొమ్మలు చెక్కే పని ఆమెకు వచ్చింది. అందులో చలిని తరిమే పండుగ బొమ్మ ఒకటి. ఆ రోజు జనం మేక, కొంగ, సైతాను ముఖాలు తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగి అట్లు అడుగుతారు. ముఖం తొడుక్కున్నవాళ్లు ఏమన్నా కోపగించుకోకూడదు.

టెక్లే ఎప్పుడూ దిమ్మకు ముందు నల్లరంగు పూసి చెక్కేది. గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఈసారి పూయలేదు. ఉత్త చెక్క మీద గీతలు ఏ ముఖానివో తెలియవు.

రపోలాస్‌ను అచ్చు ప్రతి చూడమన్నాను.

"నా చేతులు మసి చెయ్యాలనా? మాబోటివాళ్లకి దిమ్మ చూస్తే చాలదటయ్యా?"

దిమ్మను కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి, అచ్చు వేయొచ్చని కాగితం మీద సంతకం పెట్టాడు. మళ్లీ తన పేరే వేయించుకున్నాడు.

పదివేల ప్రతులు వెళ్లిపోయాయి. సైతానుకు రపోలాస్ వంకర ముక్కు, చెంప మీద పుట్టుమచ్చ. పండుగనాడు పిల్లలు ఆ ముఖాన్నే అట్టతో చేసి తగిలించుకుని ఆయన గుమ్మం ముందు నిలబడ్డారు.

"అట్లు పెట్టన్నా, నీ తమ్ముళ్లం వచ్చాం."

మర్నాడు పుస్తకం పట్టుకుని అచ్చాఫీసుకు వచ్చాడు.

"ఇది నా ముఖం."

టెక్లే ఉలి నూరడం ఆపలేదు. "బొమ్మ మీరు వేసిందే కదండీ. ఎవరి ముఖం వాళ్లు చెక్కుకుంటే నాకేం?"

"నేను చెక్కలేదని నీకు తెలీదా?"

"నాకు తెలిస్తే ఏం లాభం? కళాకారుల సభలో చెప్పండి."

చెప్పాడు. పాటల పుస్తకంలోని బొమ్మలు తనవి కావన్నాడు. వెనక వరసలోంచి టెక్లే లేచింది.

"కథల పుస్తకంలోవి?"

సభంతా ఆయన వైపే చూసింది. "అవీ కావు," అన్నాడు.

రెండు పుస్తకాలూ ఆమె పేరుతో మళ్లీ అచ్చుకెక్కాయి.

"పేరు వచ్చిందిగా, ఇంక దిమ్మ మీది ఆ పుట్టుమచ్చ చెక్కి తీసేద్దామా?" అనడిగాను.

"ముట్టుకోకు," అంది.