మామ చెయ్యి కొలత

ఒడ్డున చేపలు పట్టేవాళ్లంతా ఒక్కసారి నా చేతివైపు చూశారు.

మా కృష్ణానది నడుమ దీవిలో చేపలు కరువై, ఊరి పెద్దగా మా మామ కట్టడి పెట్టాడు. గుండ్రటి పడవ, ఒక్కో పుట్టికి ఒక్క గంప చేపలే. అరచేతికన్నా చిన్న చేప మళ్లీ నీళ్లలోకి. వదిలేముందు ప్రతి చేపతో “పెద్దగై రా బిడ్డా” అనేవాడు. ఆయన అరచెయ్యేమో చాటంత!

“గిట్లయితే మాకు పులుసే లేదు పెద్దయ్యా! నీ కోడలి చెయ్యి పెట్టు కొలతకు,” అన్నారు వాళ్లు.

నా చెయ్యి మరీ చిన్నది. దాంతో కొలిస్తే పిల్లచేప కూడా మిగలదు. చెయ్యి కొంగులో దాచుకున్నాను.

మామ నవ్వాడు. “సరే. ఇగ పండుగ బంతిల బువ్వ గూడ గా చేతితోనే పెడ్తది.”

అందరూ గంపల్లోని చిన్నచేపలను మళ్లీ నీళ్లలోకి వదిలారు.

తెల్లారి పిల్లలతో అన్నాను: “జల్ది తిని పెరుగుండ్రి. లేకుంటే తాత మిమ్మల్ని గూడ నీళ్లల్ల ఇడుస్తడు.”