సోమవారం పొగ

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక చిన్న ఊరి రేడియోలో ప్రతి గురువారం సాయంత్రం ఇరుగుపొరుగు ఆడవాళ్లిద్దరు పావుగంటసేపు పోట్లాడుకునేవారు. రాసేదీ, రెండు గొంతులతో పలికేదీ వెల్మా హాచ్ ఒక్కతే. కథలకోసం ఆవిడ ఎక్కడికీ పోనక్కర్లేదు. కంచెకు అవతల మిసెస్ రెంకే అనే ముసలావిడ ఉంది. వాళ్లిద్దరికీ క్షణం పడదు.

ఒక సోమవారం మిసెస్ రెంకే ఎండుటాకులు పోగుచేసి తగలబెట్టింది. సోమవారం వీధి వీధంతా బట్టలుతికి ఆరేసే రోజు. ఆ రోజు ఆకులంటించే మనిషిని ఎవరూ ఎరగరు. వెల్మా తెల్లటి దుప్పట్లు మసిబారిపోయాయి. ఇద్దరూ కంచె దగ్గర గొంతులు పోయేదాకా అరుచుకున్నారు.

గురువారం ఆ గొడవంతా రేడియోకెక్కింది. కాకపోతే రేడియోలో ఆకులంటించినావిడ జవాబు చెప్పలేక ఓడిపోయింది. ఊరు పగలబడి నవ్వింది.

మర్నాటినుంచి మిసెస్ రెంకే పెరటి తలుపు తెరుచుకోలేదు. కిందటి చలికాలం వెల్మా భర్త ఆరిన్‌కు న్యుమోనియా వస్తే రోజూ కోడిసూప్ కాచి తెచ్చింది ఈవిడే. అది తలుచుకుంటే వెల్మాకు ముద్ద దిగలేదు. పోట్లాడే మనిషి లేకపోతే పెరట్లోకి వెళ్లబుద్ధి కూడా కాలేదు. చివరికి యాపిల్ పై అనే తీపి వంటకం చేసి పట్టుకెళ్లింది.

"తప్పయిపోయిందండీ. ఇక ఆ కార్యక్రమం మానేస్తాను."

"మానేయమని ఎవరన్నారు? నన్ను ఓడించావు, అదీ నా బాధ. వేలు తడిచేసి గాలి ఎటుందో చూసుకున్నాకే నిప్పంటించాను. ఆ మాట చెప్పావా నువ్వు?"

"అయితే మీరే వచ్చి చెప్పండి."

"వస్తాను. నాకేం భయమా?"

ఆ గురువారం మిసెస్ రెంకే చర్చికి వేసుకెళ్లే టోపీ పెట్టుకుని మైకు ముందు నిలబడింది. వెల్మా రాసిచ్చిన కాగితం బల్లమీద బోర్లా పెట్టేసింది.

"నేనంటించినప్పుడు గాలి ఈవిడ పెరటివైపు లేదు," అంది మైకులోకి. "తర్వాత తిరిగింది. ఈవిడ దుప్పట్లమీదికి పొగ పోవడం కిటికీలోంచి చూశాను. బక్కెట్టెడు నీళ్లు పోస్తే ఆరిపోయేది. ఆ పొద్దున నా కోళ్లను తిట్టిందన్న ఉక్రోషంతో పోయలేదు. గాలి తిరగడం నా తప్పు కాదు, నీళ్లు పోయకపోవడం నా తప్పే."

ఇలాంటి మాట ఆవిడ కంచె దగ్గర ఎన్నడూ అనలేదు. ఇప్పుడు జిల్లా అంతా వింటుండగా అనేసింది. వెల్మాకు కళ్లు చెమర్చాయి. గది అద్దం అవతలినుంచి రేడియో స్టేషన్ ఆయన కానివ్వమని చేతులూపుతున్నాడు.

మిసెస్ రెంకే వెల్మాను మోచేత్తో పొడిచింది.

"కానీ వెల్మా, నీ వంతే. తిట్టు నన్ను."

వెల్మాకు తిట్టడానికి నోరు రాలేదు.