జవాబక్క ఇచ్చిన జవాబు

జవాబక్క రోజూ పొద్దున్నే ఇస్త్రీ గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని ఒక్క మాట అనుకునేది: "స్వామీ, ఈరోజు నా చేతిలో ఎవరి బట్టా కాలకుండా చూడు." ఆ తర్వాతే పెట్టె వేడి పెట్టేది. దేవుడు ఆమె మాట విన్నాడు కూడా. అన్నేళ్ల పనిలో ఆమె చేతికింద ఒక్క దుప్పటి మాడలేదు. నోటి సంగతి మాత్రం ఆమె ఎన్నడూ దేవుడికి విన్నవించుకోలేదు. ఆ అవసరం ఉందని తోచలేదు.

అది లాడ్జీలకూ ఆసుపత్రులకూ దుప్పట్లు ఉతికిచ్చే లాండ్రీ. గోడకి అవతల ఉతికే యంత్రాలు, ఇవతల ఇస్త్రీ బల్లలు. ఆ ఆవిరిలో, ఆ ఉక్కలో పాట లేకపోతే చెయ్యి సాగదు. ఆ పాటలకు అక్కడి ఆడవాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎవరైనా సొంతంగా పాట కట్టి, చివరి మాట మింగేసి ఆపితే "ఎవరైనా పట్టుకోండి చూద్దాం" అన్నట్టు. ఇంకొకరు అదే వరసలో జవాబు కట్టాలి. జవాబు పడ్డాక ఆ పాటను విడిగా పాడకూడదు, జవాబుతో కలిపే పాడాలి. మొదట పాడినామె మారుజవాబు చెబితే ఆ జవాబుకు తలుపు వేసినట్టే. ఆపైన దాని జోలికి ఎవరూ పోరు, పాట మళ్లీ మొదటామెదే.

జవాబు కట్టడంలో ఈమెను మించినవాళ్లు లేరు. మొగుడి గురక మీద ఒకామె పాట కడితే, దిండు తరఫున వకాల్తా పుచ్చుకుని ఈమె జవాబిచ్చింది. గురక మొగుడు కూడా విని నవ్వాడట. అప్పటినుంచీ అసలు పేరు మరుగునపడి జవాబక్క అయింది. ఆ పేరంటే ఆమెకు లోలోపల కాస్త గర్వం కూడాను.

ఆ ఏడు మడతలు పెట్టడానికి ఒక కొత్త పిల్ల చేరింది. పిల్లంటే పిల్ల కాదు, పెళ్లయినదే. అడిగితే తప్ప మాట్లాడదు. పక్కవాళ్ల దుప్పటి అంచు వంకరపోతే అడక్కుండానే సరిచేసేది. అందరి సీసాల్లో నీళ్లు నింపి పెట్టేది. ఒకరోజు మధ్యాహ్నం, ఎవరూ అడగకుండానే, తల వంచుకుని పాడింది:

తెల్లవారె చిట్టితల్లీ, తలుపు తీశానే
పాలు కాచి, జడకు రిబ్బను తీసిపెట్టానే
లేచి రావే, లేచి రావే, ఒక్కసారి...

అక్కడ ఆగింది. గదంతా జవాబక్క వైపు చూసింది. ఆమె పెట్టె పక్కన పెట్టి, చిన్నపిల్లలా మూతి ముడిచి అందుకుంది:

లేవనమ్మా, లేవనమ్మా, లేపి అలిసిపో
పాలు నువ్వే తాగి, జడా నువ్వే వేసుకో!

ఇస్త్రీ గది విరగబడి నవ్వింది. గోడ అవతలివాళ్లు పరుగెత్తుకొచ్చి మళ్లీ పాడించుకున్నారు. మడతల పిల్ల కూడా నవ్వింది. నవ్వి, నీళ్ల సీసా తెచ్చి చేతికిచ్చింది. "గొంతెండిపోయుంటుంది, తాగక్కా" అంది.

కొన్నాళ్లకు కుళాయి దగ్గర, ఉతికే పెద్దమ్మ జవాబక్క చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"ఏమే, తెలిసే అన్నావా ఆ మాట?"

"ఏ మాట పెద్దమ్మా?"

"లేవనమ్మా అని. దానికి ఒక్కతే కూతురే. పోయిన వానల్లో జ్వరమొచ్చి పడుకుంది. మళ్లీ లేవలేదు. నిన్ను పట్టుకోమని పాట ఆపలేదే పిచ్చిదానా, దాని గొంతు పూడుకుపోయింది. వాళ్ల వీధిలో వాళ్లు చెబితే ఇప్పుడే తెలిసింది. ఎవరితో అనకు, అది చెప్పుకోలేదు."

జవాబక్క కుళాయి కట్టేసి, ఆ రోజు పాటను మళ్లీ నెమరేసుకుంది. చచ్చిన బిడ్డ గొంతు అరువు తెచ్చుకుని, కన్నతల్లి ముందు నిలబడి 'లేవను పో' అన్నది తను. ఆ తల్లి నలుగురి నవ్వూ పాడుచేయకూడదని తనూ నవ్వింది. పైగా నీళ్లిచ్చింది. ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేది. ఆ నీళ్లే ఇప్పుడు గొంతులో అడ్డం పడుతున్నాయి.

ఆ పాటేమో ఊరుకోదు. బట్టల మూటలు మోసే సైకిలతను దాన్ని ఈలవేసుకుంటూ వచ్చేవాడు. "ఇక ఆపండర్రా, పాతబడింది" అంటే, గురక మొగుడి భార్య చెయ్యి తిప్పింది. "అబ్బో, గొప్పవాళ్లకు బెట్టెక్కువ! నోరు దాటిన పాట నీది కాదక్కా, నువ్వే కదా అంటావు!" అసలు సంగతి చెబుదామంటే అది తను చెప్పాల్సిన కథ కాదాయె. నోరున్న మనిషి నోరు కుట్టేసుకుని దుప్పట్లు రుద్దింది.

ఇంట్లో మనవరాలిని నిద్రలేపబోతే అది ముసుగులోంచి "లేవనమ్మా, లేవనమ్మా" అని రాగం తీసింది. కూతురు వంటింట్లోంచి పకపకా నవ్వింది. జవాబక్క ముసుగు మళ్లీ మనవరాలి మీదికి లాగేసి బయటికి వచ్చేసింది.

ఆ వారమే మడతల పిల్ల మేస్త్రిని బతిమాలి యంత్రాల పక్కకు మారిపోయింది. అక్కడ రొదలో పక్కమనిషి మాట పక్కమనిషికి వినపడదు. ఎందుకు మారిందని ఎవరూ అడగలేదు. జవాబక్కకు అడగాల్సిన పనే లేదు. బిడ్డకోసం కట్టుకున్న పాట ఇక ఆ గదిలో ఆ తల్లి పాడుకోవడానికి లేదు. నోరు తెరిస్తే చాలు, పద్ధతి ప్రకారం గదంతా ఆ వెక్కిరింత తగిలిస్తుంది. దారి ఒక్కటే ఉంది, ఆ తల్లి నోట మారుజవాబు. ఆ దారి తన చేతిలో లేదు.

అన్నం వేళ యంత్రాలు ఆపారు. మడతల పిల్ల గోడవారగా ఒంటరిగా కూర్చుని డబ్బా మూత తీస్తోంది. జవాబక్క వెళ్లి ఎదురుగా నేలమీదే చతికిలబడింది. తల ఎత్తలేకపోయింది.

"నాకు తెలిసిందమ్మా" అంది.

ఆ పిల్ల మూత పక్కన పెట్టింది. "నీకు ముందు తెలీదుగా అక్కా. ఊరుకో. అన్నం తిన్నావా?" అంది.

"అలా అడగకే తల్లీ! నన్ను చెప్పుతో కొట్టినా ఇంత బాధుండదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "క్షమించమని రాలేదమ్మా. అది అడిగే మొహం లేదు నాకు. ఒక్క సాయం అడుగుదామని వచ్చా. రేపు మా గదికి రా. నువ్వే మారుజవాబు పాడు."

"నాకు తిట్టడం రాదక్కా."

"తిట్టక్కర్లేదు. నా బిడ్డ అలా అనేది కాదు, పిలిస్తే చెంగున లేచొచ్చేది అని పాడు. అది ఎలా లేచేదో, జడ వేయించుకోవడానికి ఎలా కూర్చునేదో, అంతా పాడు. నా జవాబుకు తలుపు పడిపోవాలి, నీ పాట నీకు మిగలాలి. నేను అక్కడే, అందరిముందూ నిలబడి వింటాను. వస్తావా అమ్మా?"