కూలర్ పక్కన పట్టిన కార్డ్స్

మా మేనత్త కూచిపూడి దగ్గర ఒక హైస్కూల్లో సంగీతం టీచరుగా పనిచేసి రిటైరైంది. గొంతుకు ఆపరేషన్ అయ్యాక పాడటం మానేసింది. మొన్న వేసవిలో ఆమె పాత విద్యార్థినులు మంగళగిరిలో ఒక ఏసీ హాలు మాట్లాడి, టీచర్‌గారు ఒక్క పాటైనా పాడాల్సిందేనని పట్టుబట్టారు. కీబోర్డు వాయించేది నేను.

"గొంతు మునుపటిలా లేదురా, సన్నబడిపోయింది. నీ పెట్టె దాన్ని మింగేసిందనుకో, మధ్యలోనే దిగిపోతా. మళ్లీ ఈ జన్మలో పాడమనొద్దు."

"మింగదు అత్తా. ఇందులో ఒక్కో వాయిద్యానికి వాల్యూమ్ విడిగా ఉంటుంది."

నిజమే. ఎడమ చేత్తో మూడు మీటలు కలిపి నొక్కి ఒక కార్డ్ పట్టుకుంటే చాలు, డ్రమ్స్, బేస్, గిటార్, వెనక వయొలిన్ల గుంపు వాటంతటవే మోగుతాయి. కాకపోతే కంపెనీవాళ్లు అన్నిటినీ ఊరేగింపుకన్నట్టు గట్టిగా పెట్టి పంపుతారు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చాక విని చూడాలి అన్నది ఇంజనీరింగులో నాకు అబ్బిన పద్ధతి. బెజవాడ వన్ టౌన్‌లో అత్త ఇంట్లో మధ్యాహ్నాలు కూర్చుని డ్రమ్స్ తగ్గించాను, బేస్ తగ్గించాను. వయొలిన్లు మాత్రం ఉన్నాయో లేవో తెలిసేది కాదు. పెంచాను. మర్నాడు ఇంకాస్త పెంచాను. అప్పుడు భేషుగ్గా కుదిరింది.

హాల్లో అత్త తను బడిలో నేర్పిన లాలిపాట ఎత్తుకుంది. నేను మొదటి కార్డ్ పట్టుకున్నాను. వయొలిన్లు ఒక్కసారిగా వరదలా వచ్చి పడ్డాయి.

"టీచర్‌గారండీ, మీరు వినపట్లేదండీ!" అని ముందు వరసలోంచి ఒకావిడ అరిచింది.

అత్త పాట ఆపేసింది. మైకు చేత్తో పట్టుకునే స్టేజీ మెట్లవైపు తిరిగింది. నేను వాయించడం ఆపాను. హాలు ఎంత నిశ్శబ్దంగా ఉందో అప్పుడు గమనించాను.

"అత్తా, ఆగు! కూలర్!"

"ఇక్కడ కూలర్ ఏదిరా?"

"అదే, ఇక్కడ లేదు. మనింట్లో దాని హోరులో విని పెంచేశాను."

ఎండాకాలం బెజవాడలో కూలర్ ఆపాలన్న ఆలోచన ఎవరికొస్తుంది? అత్త నవ్వింది. నవ్వు మైకులోంచి హాలంతా వినిపించింది. "విన్నారుగా అమ్మాయిలూ, మా ఇంజనీరుగారు కూలర్‌కి శ్రుతి కలిపారట," అంది. హాలంతా ఘొల్లుమంది.

అన్నీ సున్నాకి దించేశాను. "నువ్వు ఒక్కదానివే ఎత్తుకో అత్తా. నేను వెనకాల వస్తా."

ఆమె ఎత్తుకుంది. సన్నటి గొంతు, కానీ వెనక కుర్చీల దాకా వెళ్లింది. రెండో చరణంలో బేస్ కలిపాను, ఆ తర్వాత గిటార్. వయొలిన్ల జోలికి పోలేదు.

చప్పట్లు ఆగకముందే ఇంకో పాట అడిగారు. అత్త మంచినీళ్లు తాగి, గొంతు పెంచమని బడిపిల్లలకు చేసినట్టు నావైపు అరచేయి పైకి ఊపింది.

"ఆ వయొలిన్లు కూడా కాస్త రానియ్యరా. తట్టుకుంటాలే."