గోడ మీది నావిగేషన్

నిన్న పొద్దున బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. వెంకటరమణప్ప మేష్ట్రు ఇక లేరని.

"ఏ మేష్ట్రు?" అని అడిగాను. తెలిసే అడిగాను.

గూళూరు దాటాక ఉన్న చిన్న బడిలో పన్నెండేళ్ళు కలిసి పనిచేశాం. ఆయన ఇంగ్లిష్, నేను లెక్కలు. రిటైరయ్యాక బాగేపల్లిలో ఉండేవారు.

ఇంగ్లిష్ మాట ఏది దొరికినా దాని పుట్టుక తవ్వందే ఆయనకు అన్నం సయించేది కాదు. ఆయన మొదలుపెడితే మేము స్టాఫ్ రూం నుంచి పారిపోయేవాళ్ళం.

నావిగేషన్ అనే మాట మన సంస్కృతం 'నవగతి' నుంచి పుట్టిందని, దానికి ఓడ నడక అని అర్థమని ఎక్కడో చదివారు. పొంగిపోయి, బడి గోడ మీద పెయింటుతో తానే రాశారు. ఏళ్ళ తరబడి పిల్లలు అదే నేర్చుకున్నారు.

పోయిన నెల రమ్మంటే వెళ్ళాను. ఒళ్ళో లావుపాటి డిక్షనరీ, చేతిలో భూతద్దం. మొహం వాడిపోయి ఉంది.

"తప్పు చెప్పినానప్పా. అది లాటిన్ మాట. నావిస్ అంటే ఓడ, అగెరె అంటే నడపడం. మన నౌకకూ దానికీ చుట్టరికం ఉండాది, అంతే. మన కడుపున పుట్టిన మాట కాదు."

"పోనీ మేష్ట్రూ, ఎవరికి గుర్తుంటాది?"

"గోడ మీద ఉండాది కదప్పా. దినమూ పిల్లోళ్ళు చదువుతాండారు. నీ బండి మీద ఒకసారి తీసకపో. చెరిపేసి, వాళ్ళకు చెప్పేసి వస్తా."

వచ్చే వారం అన్నాను.

ఆ వారం నేనిప్పుడు పనిచేసే వేరే ఊరి బడిలో సర్వే డ్యూటీ వేశారు. తర్వాతి వారం ఒళ్ళు నొప్పులు. నిజం చెప్పాలంటే బద్ధకం. ఒక్క మాట కోసం అంత దూరమా అనుకున్నాను.

నిన్న సాయంత్రం దహనం అయిపోయింది. రాత్రి నిద్ర లేదు. పొద్దున్నే సున్నం, బ్రష్ బండికి తగిలించుకుని బడికి వెళ్ళాను.

గోడ అప్పటికే తెల్లగా ఉంది.

కొత్త టీచరమ్మ చెప్పింది. "పోయిన శనివారం మేష్ట్రు బస్సు దిగి నడ్సుకుంటా వచ్చినారు సార్. ఆయనే సున్నం కొట్టినారు. పిల్లోళ్ళ ముందర నిలబడి, నేను రాసింది తప్పు, క్షమించండి అన్నారు. ఆయాసపడతాంటే కుర్చీ వేసినాం. తప్పు ఒప్పుకునేవాడు కూర్చోకూడదమ్మా అన్నారు."

పది అడుగులు వేస్తే ఆగి ఊపిరి తీసుకునే మనిషి. నేను తీసుకెళ్ళాల్సింది. సిగ్గుగా ఉంది.

మేష్ట్రూ, మీ తప్పు మీరు దిద్దుకుని వెళ్ళారు. నా తప్పు చెప్పుకుందామంటే మీరు లేరు.

చాలా నడిచారు. ఇక ప్రశాంతంగా కూర్చోండి.