కొత్త కవరు చుట్టిన సీడీ

తనకల్లు దగ్గర మా ఊళ్లో నాది మైక్‌సెట్. పెళ్లిళ్లకీ జాతరలకీ పాటలు పెడతాను. ఫోన్లో పాటలు ఊరికే వస్తాయంటే నేను నమ్మను. ఊరికే వచ్చేదాంట్లో ఏదో మెలిక ఉండే ఉంటుంది.

పోయిన ఏడు ఆ మెలిక బయటపడింది. అమ్మవారి ఊరేగింపులో నా పాత సీడీ గీతలు పడి మొరాయిస్తే, గత్యంతరం లేక ఒకరి ఫోను తగిలించాను. సరిగ్గా హారతి వేళ పాట ఆగిపోయి, "మీ జుట్టు రాలుతోందా?" అని ఒక ఆడగొంతు నాలుగు హారన్లలోంచి ఊరంతటినీ అడిగింది.

"ఇంగొక్కసారి ఇట్లయితే డీజే వాళ్లను పిలుస్తాంలేప్పా" అన్నాడు ఊరిపెద్ద. సొంత ఊరి జాతరే చేజారితే పక్క ఊళ్లవాళ్లు నన్నెందుకు పిలుస్తారు?

అందుకే ఈసారి అదే పాటల సీడీ కోసం కదిరిలో నేనెప్పుడూ కొనే కొట్టుకు వెళ్లాను. ఇప్పుడు అక్కడ నిండా ఫోను కవర్లే. సీలు తీసిన డబ్బా నేను ముట్టుకోనని కొట్టాయనకు తెలుసు. ఎవరో కాపీ కొట్టుకుని తిరిగిచ్చిందేమోనని నా అనుమానం. వెతికి పెడతాను, శుక్రవారం రమ్మన్నాడు.

శుక్రవారం బల్ల కింద నుంచి తీసిచ్చాడు. డబ్బా అంచులు పసుపుపచ్చగా మారాయి, పైన ప్లాస్టిక్ కవరేమో తళతళలాడుతోంది. నాకు ఒళ్లు మండింది.

"డబ్బా పాతది, కవరు నిన్నటిది. ఎవురికి అంటగట్టల్లని చూస్తాండావన్నా?"

"సీలు ఉండాది గదప్పా" అన్నాడు, నా మొహం చూడకుండా.

ఆ చూడకపోవడంతో అనుమానం ఇంకా గట్టిపడింది. అక్కడే గోరుతో కవరు చించాను. లోపలి పాటల కాగితం మీద, ఒక పాట పక్కన కుంకుమ వేలిముద్ర. దొంగను పట్టుకున్నంత సంబరంగా దాన్ని ఆయన ముందు పెట్టాను.

"మా ఇంట్లోదేప్పా. శుక్రవారం పూజకు మా ఆడమనిషి పెట్టుకుంటాది. యాడ యెతికినా ఇంగొకటి దొరకలేదు. విప్పింది నువ్వు తీసుకోవని గిఫ్టుల అంగట్లో ప్లాస్టిక్ చుట్టించుకొచ్చినా."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు ఊరుకుందా? "మధ్యలో ఆగిపోతే?" అని అడిగేశాను.

"ఆగదు. జాతర అయినాక తెచ్చియ్యి."

తీసుకోకుండా వచ్చేయాల్సింది. తీసుకునే వచ్చాను. జాతరలో ఒక్క పాటా తడబడలేదు, ఊరిపెద్ద భుజం తట్టాడు. హారతి వేళ ఊరంతా దండం పెట్టుకుంటుంటే, ఆ శుక్రవారం పాట లేకుండా పూజ చేసుకున్న ఆ ఇల్లాలు గుర్తొచ్చి నేను తలెత్తలేకపోయాను.