పెళ్ళి జాకెట్టు

ఉదయగిరిలో మాకు జాకెట్లు కుట్టే అక్క ఏదీ ముందుగా ఇచ్చేది కాదు, ఆలస్యమూ చేసేది కాదు. అడిగితే మెడలోని టేపు సర్దుకుంటూ, "ముందే కుడితే మీరు లావైపోతారు. లేటైతే పెండ్లి అయిపోతాది," అనేది.

నా పెళ్ళి ఆత్మకూరులో జరిగింది. ముహూర్తం దగ్గరపడినా జాకెట్టు రాలేదు. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. అంతలో అక్క ఆటో దిగి పరుగెత్తుకొచ్చి నాకు జాకెట్టు తొడిగింది.

"వెనక హుక్కులేవక్కా?"

"కుడతా ఉండా గదమ్మే! కదలబాక," అంటూ పీటల మీద నా వెనకే కూర్చుంది.

తాళి కట్టేలోపు కుట్టు పూర్తయింది. లేవబోతే తెలిసింది, కంగారులో తన పైటను కూడా నా జాకెట్టుకు కలిపి కుట్టేసింది. కత్తెర దొరకలేదు, పంతులు ఆగలేదు. ఏడడుగులూ మా ఆయన ముందు, నేను మధ్యలో, అక్క వెనకాల నడిచాం.

నడుస్తూనే నా చెవిలో గర్వంగా అంది: "చూసినావా, టైముకి ఇచ్చేసినా!"